పదకొండు నెలల పాపకు మధ్యలో ఆగిన టీకాలు: మొదటి నుంచి వేయించాలా, ఆగినచోటు నుంచా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట వైపు. కాన్పు తిరుత్తణిలో మా పుట్టింట్లో అయింది. పుట్టినప్పటి టీకాలు, నెలన్నరకు, రెండున్నర నెలలకు వేసేవి అక్కడే వేయించాం. రెండోసారి సూది వేశాక 102 జ్వరం వచ్చింది, తొడ గట్టిపడింది, రాత్రంతా ఏడ్చింది. అత్తగారింటికి వచ్చాక ఆమె ఇక వద్దన్నారు. ఇప్పుడు పాపకు 11 నెలలు. పక్క సందులో ఇద్దరు పిల్లలకు అమ్మవారు పోసిందంటున్నారు. వచ్చే నెలలో కొండకు పోయి పుట్టువెంట్రుకలు తీయించాలి, అది అయ్యాక టీకాల సంగతి చూద్దామంటున్నారు ఇంట్లో. ఒక క్లినిక్‌లో అడిగితే కోర్సు తెగిపోయింది కాబట్టి మొదటి నుంచి నొప్పి లేని సూదులు వేయాలన్నారు. బాబుకు ఆరేళ్లు, వాడికి అయిదేళ్లప్పటిది వేయించలేదు. మా ఆడపడుచు మూడో నెల గర్భిణి, మాతోనే ఉంటోంది. ఏం చేయాలో చెప్పగలరా?

సమాధానం:

అమ్మా, నేను డాక్టర్‌ని కాను. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏఎన్‌ఎంగా చేరి, పీహెచ్‌సీల్లో హెల్త్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. టీకాల పెట్టె భుజాన వేసుకుని ఊళ్లు తిరిగిన మనిషిని. మీ పాపకు మూర్ఛలు, పుట్టుకతో గుండె జబ్బు, ఇంకేదైనా పెద్ద జబ్బు ఉంటే ముందు పిల్లల డాక్టర్‌కు చూపించండి. అవేవీ లేవనుకుని రాస్తున్నాను.

మొదటి నుంచి వేయించాల్సిన పని లేదు. ఎంత ఆలస్యమైనా సరే, వేసిన డోసు వేసినట్టే లెక్క, ఆగినచోటు నుంచే కొనసాగిస్తారు. పాపకు ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి మీకు మరీ తేలిక. ఈ బుధవారమే మీ వార్డు ఏఎన్‌ఎం దగ్గరకో, పట్టణ ఆరోగ్య కేంద్రానికో తీసుకెళ్లండి. బుధవారం కుదరకపోతే శనివారం. కొండకు పోయి వచ్చాక అని మాత్రం పెట్టుకోవద్దు, ఎందుకో కింద చెప్తాను.

ఆ రోజు ఏమేం వేస్తారో ముందే తెలిస్తే మీకు టెన్షన్ ఉండదు. పెంటావాలెంట్ మూడో డోసు ఎడమ తొడకు. న్యుమోనియా రాకుండా వేసే పీసీవీ కుడి తొడకు. పోలియో సూది చేతికి, చర్మం పైపొరలో చిన్న బుడగలా లేస్తుంది, అది చుక్కంత మందే. తట్టు-రుబెల్లా టీకా, అంటే ఎంఆర్, ఇంకో చేతికి. ఇవి కాక పోలియో చుక్కలు, విరేచనాలకు రోటావైరస్ చుక్కలు, విటమిన్ ఎ మందు. మొత్తం నాలుగు సూదులు. "ఒకే రోజు నాలుగా!" అని మీ అత్తగారు గుండె బాదుకుంటారు, నాకు తెలుసు. కానీ ఒకే రోజు వేయడం వల్ల ప్రమాదం పెరగదు. పాప ఏడుపు ఒక్కరోజుతో పోతుంది. విడదీసి వేయిద్దామనుకుంటే మీరు నాలుగుసార్లు తిరగాలి. ఆ నాలుగుసార్లలో ఒకసారి జలుబు చేస్తుంది, ఇంకోసారి ఊళ్లో పెళ్లి వస్తుంది, మళ్లీ మధ్యలోనే ఆగుతుంది. మిగిలిన పోలియో, పీసీవీ డోసులకు తేదీలు ఏఎన్‌ఎం కార్డు మీద రాసిస్తుంది. ఏడాదిన్నరకు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టరు, ఎంఆర్ రెండో డోసు ఉంటాయి. ఆ రెండూ వేయించేదాకా ఆ కార్డును అటక మీద పెట్టొద్దు.

ఇప్పుడు ఆ జ్వరం సంగతి. పెంటావాలెంట్‌లో అయిదు జబ్బులకు మందు ఉంటుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, మెదడువాపుకూ న్యుమోనియాకూ కారణమయ్యే హిబ్. ఇందులో జ్వరం తెచ్చేది ఎక్కువగా కోరింత దగ్గు భాగం. చంపేసిన క్రిమిని మొత్తంగా అందులో వాడతారు కాబట్టి ఒళ్లు దాన్ని గట్టిగానే పట్టించుకుంటుంది. ఒకటి రెండు రోజులు జ్వరం, సూది వేసినచోట ఎరుపు, గట్టిదనం, చిరాకు, పాలు కొంచెం తక్కువ తాగడం మామూలే. 102 వచ్చిందంటే భయపడ్డారు, సహజమే. కానీ మూడో డోసు మానేయడానికి అది కారణం కాదు. మూర్ఛ వచ్చినా, ఒళ్లు పాలిపోయి వాలిపోయినా, మూడు గంటలకు పైగా ఆగకుండా కీచుమని ఏడ్చినా, ఊపిరి ఆడక ముఖం ఉబ్బినా లెక్క వేరు. అలాంటిదేదైనా ఆ రాత్రి జరిగి ఉంటే సూదికి ముందే చెప్పండి. డాక్టర్ చూసి నిర్ణయిస్తారు.

ఈసారి జ్వరం వస్తే పారాసిటమాల్ ఇవ్వండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవండి, ఎందుకంటే టీకా కన్నా దీని దగ్గరే ఇళ్లలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. బిడ్డ బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు లెక్క. ఎనిమిది కిలోల పాపకు 80 నుంచి 120 మిల్లీగ్రాములు. మందుల షాపులో ఇది చుక్కల సీసాగానూ దొరుకుతుంది, సిరప్‌గానూ దొరుకుతుంది. చుక్కల మందు చాలా చిక్కనిది, మామూలుగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో అయితే అయిదు మిల్లీలీటర్లకు 120 లేదా 125, కొన్నింటిలో 250 ఉంటుంది. అంటే పాపకు చుక్కల మందు ఒక మిల్లీలీటరు సరిపోతుంది, 120 సిరప్ అయితే నాలుగు మిల్లీలీటర్ల దాకా పడుతుంది. "పోయినసారి నాలుగు ఎంఎల్ ఇచ్చాం కదా" అని చుక్కల సీసాలోంచి నాలుగు పోశారంటే నాలుగింతలు పోసినట్టు. సీసా మీద అంకె చూడకుండా పోయొద్దు. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించొద్దు. సూది వేసినచోట తడిగుడ్డ చల్లగా పెట్టండి. రుద్దడం, వేడి కాపడం, పసుపు, సున్నం ఏవీ వద్దు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. టీకాలంటే నమ్మకం లేక మానేసేవాళ్లు మన వైపు తక్కువ. ఒకటి రెండు వేయించి మధ్యలో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద బీసీజీ, అంటే పుట్టగానే వేసే క్షయ టీకా, పడిన పిల్లలు 95 శాతం, ఆ వయసుకు పడాల్సిన ముఖ్యమైన టీకాలన్నీ పూర్తయినవాళ్లు 76 శాతం. మన రాష్ట్రంలో పూర్తయినవాళ్లు 73 శాతం. తొలి టీకాకు వచ్చిన తల్లులే తర్వాత రావడం మానేశారన్నమాట. ఎక్కడ మానేశారో నా రిజిస్టర్లు తిరగేసి చూస్తే మూడు చోట్ల కనబడేది.

ఒకటి, మీకు జరిగిందే. కాన్పు పుట్టింట్లో, మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తగారింటికి రావడం. పది వారాల టీకా, పద్నాలుగు వారాల టీకా సరిగ్గా ఆ ప్రయాణాల మధ్యలో పడతాయి. ఆ ఊరి ఏఎన్‌ఎం "అత్తగారింటికి వెళ్లిపోయింది" అని రాసుకుంటుంది, ఈ ఊరి ఏఎన్‌ఎం లిస్టులో బిడ్డ పేరే ఉండదు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు అయితే రాష్ట్రమే మారిపోతుంది. కుప్పం, పలమనేరు వైపు భర్త బెంగళూరులో, భార్య కొన్నాళ్లు అక్కడ కొన్నాళ్లు ఇక్కడ. రెండోది, మొదటి జ్వరం. టీకా వేసిన మనిషి "రేపు జ్వరం రావచ్చు, ఇలా చేయండి" అని ఆ రోజే చెప్పి ఉంటే వచ్చిన జ్వరం ముందే అనుకున్న జ్వరం అవుతుంది. చెప్పకపోతే టీకా వికటించినట్టు అనిపిస్తుంది. ఏ టీకా వేశాం, ఏమవ్వచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు దాచుకుని తీసుకురావాలి, ఈ నాలుగు మాటలూ ప్రతి తల్లికీ చెప్పాలని మాకు ట్రైనింగులో నేర్పుతారు. క్యూలో ముప్పై మంది ఏడుస్తుంటే నాలుగులో రెండు మింగేస్తారు. మీకు చెప్పకపోయి ఉంటే అది మా శాఖ లోపమే, మీ అత్తగారిది కాదు.

మూడోది పుట్టువెంట్రుకలు. తొమ్మిదో నెలలో ఎంఆర్ పడాలి. మన ఇళ్లలో తొమ్మిదో నెల, పదకొండో నెల అని బేసి నెల చూసి కొండకు ముహూర్తం పెట్టుకుంటారు. బిడ్డకు జ్వరం వస్తే ప్రయాణం ఆగిపోతుందని టీకాను వెనక్కి జరుపుతారు. వచ్చాక ఆషాఢం, ఆ తర్వాత ఇంకేదో. చూస్తుండగానే ఏడాదిన్నర.

కానీ లెక్క తిరగేసి చూడండి. తట్టు గాలి ద్వారా అంటుకునే జబ్బు. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో క్రిమి ఉండగలదు. రక్షణ లేని పదిమంది రోగికి దగ్గరగా మెలిగితే తొమ్మిది మందికి అంటుకుంటుంది. కంపార్ట్‌మెంట్లలో గంటలకొద్దీ కూర్చోబెట్టే చోటికి, దేశం నలుమూలల నుంచీ రోజూ వేలల్లో జనం వచ్చే చోటికి, టీకా పడని పదకొండు నెలల పాపను ఎత్తుకుని పోతారా? ముందు టీకా, తర్వాత కొండ. ఎంఆర్ వేశాక రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. జ్వరం లెక్క కూడా చెప్తాను: పెంటావాలెంట్ జ్వరం వస్తే ఆ రోజో మర్నాడో వస్తుంది. ఎంఆర్ జ్వరం అలా కాదు, వారం నుంచి పన్నెండు రోజుల మధ్యలో సన్నగా వచ్చి, ఒక్కోసారి ఒంటి మీద పలచగా ఎర్రదద్దుర్లు వేసి, రెండు మూడు రోజుల్లో పోతుంది. అంటే ఈ బుధవారం వేయిస్తే మీ ప్రయాణం నాటికి రెండు జ్వరాల గడువూ దాటిపోతుంది, రక్షణా వచ్చి ఉంటుంది. గుండు గీయించడానికీ టీకాకూ ఏ అడ్డూ లేదు.

పక్క సందులో పిల్లల గురించి. మన దగ్గర ఒంటి మీద ఏది పొక్కినా అమ్మవారే అంటారు. మీరు చూడాల్సిందేమిటంటే, నీటి బుగ్గల్లా పొక్కులు లేచి, కొన్ని కొత్తవి కొన్ని ఎండినవి కలగలిపి ఉంటే అది ఆటలమ్మ. ముందు మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, ముక్కు కారడం, దగ్గు, కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం, ఆ తర్వాత చెవుల వెనక, నుదుటి మీద మొదలై కిందికి పాకే ఎర్రటి దద్దు అయితే తట్టు. మీ పాపకు ఇప్పుడు వేసే ఎంఆర్ తట్టుకు పనిచేస్తుంది, ఆటలమ్మకు కాదు. ఆటలమ్మ టీకా ప్రభుత్వ జాబితాలో లేదు, ప్రైవేటులో దొరుకుతుంది.

తట్టే అయితే, ఆ పిల్లలతో మీ పాప కలిసిన 72 గంటల్లోపు ఎంఆర్ వేయిస్తే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది, వచ్చినా తేలిగ్గా పోవచ్చు. గడువు దాటినా వేయించండి, ముందు ముందుకు పనికొస్తుంది. ఇంకో పని, ఆ విషయం మీ ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో ఈరోజే చెప్పండి. ఎవరినో పట్టించినట్టు అనుకోవద్దు. జ్వరం, దద్దు కలిసి కనబడితే నమోదు చేసి, రక్తం నమూనా పంపించి, చుట్టుపక్కల టీకా పడని పిల్లలను వెతకాలన్నది రూలు. 2022 చివర్లో ముంబైలో తట్టు పెద్దగా రేగి పిల్లలు చనిపోయినప్పుడు, కేసులు ఎక్కువున్న చోట్ల మామూలు డోసులు కాక అదనపు డోసు కూడా వేశారు. కొన్ని చోట్ల ఆరు నెలలు నిండినవాళ్లకూ వేశారు. కేసు సంగతి తెలియకపోతే ఇవేవీ కదలవు.

ఆ పిల్లల తల్లులతో మీకు మాటలుంటే ఇది చెప్పండి. గుమ్మానికి వేపమండ కట్టుకోవచ్చు, తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకోవచ్చు, చలిమిడో చద్దో నైవేద్యం పెట్టుకోవచ్చు. నేనూ గంగమ్మ జాతరకు పోయే మనిషినే, ఎవరి మొక్కునూ కాదనను. బయటివాళ్లను ఇంట్లోకి రానివ్వకపోవడం మంచి ఆచారమే, కాకపోతే దద్దు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకోవడం మొదలవుతుంది. అందుకని ఆచారం ఒక్కటే ఊరిని కాపాడలేదు. అభ్యంతరమల్లా ఒకదానికే, మందు ముట్టకూడదని ఆసుపత్రికి తీసుకెళ్లకపోవడం. తట్టు వచ్చిన బిడ్డకు వరసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వాలి. ఏడాది దాటితే ఒక్కో డోసు రెండు లక్షల యూనిట్లు, ఆరు నుంచి పదకొండు నెలల వాళ్లకు లక్ష, ఇంకా చిన్నవాళ్లకు యాభై వేలు. ఆరోగ్య కేంద్రంలో వాళ్లే కొలిచి పోస్తారు. కళ్లు పోకుండా, ప్రాణం పోకుండా ఆ రెండు చెంచాలు చేసే మేలు చాలా పెద్దది. తట్టు పిల్లలు చనిపోయేది ఎక్కువగా ఆ తర్వాత పట్టే న్యుమోనియాతో, విరేచనాలతో. డొక్కలు ఎగరేసినా, పాలు తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా అమ్మవారు దిగేదాకా ఆగొద్దు, రుయా ఆసుపత్రికి పోవాలి. ఇంకొకటి, తట్టు క్రిమి అంతకు ముందు ఇతర జబ్బుల మీద ఒళ్లు సంపాదించుకున్న రక్షణను కూడా చాలావరకు చెరిపేస్తుంది. తట్టు తగ్గిన బిడ్డ నెలల తరబడి ఏదో ఒక జబ్బుతో తిరుగుతుందని మా పాతకాలం అవ్వలు అనేది ఊరికే కాదు.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయొద్దు. 2008లో మన పక్కనే ఉన్న తిరువళ్లూరు జిల్లాలో తట్టు టీకా వేసిన తర్వాత నలుగురు పసిపిల్లలు చనిపోయారు. నగరి, సత్యవేడు వైపు తల్లులకు ఆ వార్త పేపరు కన్నా ముందే చేరింది. ఆ తర్వాత 2017లో ఎంఆర్ కార్యక్రమం మొదలైనప్పుడు వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు వేరే. వాటిలో నిజం లేదు. టీకా వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందన్న మాట కూడా అలాంటిదే: 1998లో ఇంగ్లండ్ డాక్టరొకరు రాసిన వ్యాసం నుంచి పుట్టింది, 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, ఆ డాక్టర్‌కు లైసెన్సూ పోయింది. పుకారుకూ, నిజంగా జరిగిన దుర్ఘటనకూ మీ అత్తగారు తేడా చూడలేకపోవచ్చు. రెండోదాన్ని మనమే ఒప్పుకుని, ఇప్పుడు ఏం జాగ్రత్త తీసుకుంటున్నారో చూపిస్తే మాట వింటారు. అందుకే ఆమెను కూడా వెంటబెట్టుకుని పొండి.

అక్కడ ఆమెకు ఇవి చూపించండి. ఎంఆర్ పొడి రూపంలో వస్తుంది, దాంతోపాటు వచ్చే ద్రవంతోనే కలపాలి, వేరే ఏదీ వాడకూడదు. కలిపిన టైము సీసా మీద పెన్నుతో రాస్తారు. నాలుగు గంటలు దాటాక అందులో ఎంత మిగిలినా పారేయాల్సిందే. అడిగితే ఏఎన్‌ఎం చూపిస్తుంది, చూపించాలి కూడా. సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు, మధ్యలో చతురస్రం ఉంటుంది. మధ్యలోని చతురస్రం చుట్టూ ఉన్న రంగు కన్నా లేతగా ఉంటే మందు బాగున్నట్టు. వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది, చుట్టూ ఉన్న రంగుతో సమానమైందంటే ఇక వాడకూడదు. ఎండాకాలం మన తిరుపతి ఎండకు ఈ గుర్తు మీద నాకున్నంత నమ్మకం ఇంకే రిపోర్టు మీదా లేదు. సిరంజి కొత్త ప్యాకెట్ మీ ముందే చింపుతారు, ఒకసారి నొక్కితే లాక్ అయిపోయే రకం, రెండోసారి పనిచేయదు. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి. మందు ఒంటికి పడకపోవడం లాంటి ప్రమాదం లక్షల్లో ఒకరికి జరిగితే జరిగేది ఆ కాసేపట్లోనే, దానికి విరుగుడు ఇంజెక్షన్ కిట్ ఏఎన్‌ఎం దగ్గరే ఉంటుంది. ఆటో వెయిటింగులో ఉందని పరిగెత్తొద్దు.

ఇక ఆ క్లినిక్ మాట. నొప్పి లేని సూది అనేదాంట్లో కోరింత దగ్గు క్రిమిని మొత్తంగా కాకుండా కొన్ని ముక్కలుగా వాడతారు, కాబట్టి జ్వరం, వాపు తక్కువ. నిజమే. కానీ దాని రక్షణ తొందరగా తగ్గుతుందని బయటి దేశాల అనుభవం. డబ్బుండి, జ్వరం చూడలేమనుకునేవాళ్లు వేయించుకుంటే తప్పు లేదు. ప్రభుత్వ టీకా నాసిరకం కాబట్టి అది వేయించాలి అంటే మాత్రం ఒప్పుకోను. పీసీవీ ఒక్కటే బయట డోసుకు వేలల్లో ఉంటుంది, అదే రక్షణ సర్కారు దగ్గర ఉచితం. రోటావైరస్ టీకాను దేశంలో మొదట 2016లో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. మన హైదరాబాద్ కంపెనీలు చేసే టీకాలు ప్రపంచమంతా పోతున్నాయి. కోర్సు మొదటి నుంచి మొదలుపెట్టాలన్నది మాత్రం ఏ షెడ్యూల్లోనూ లేదు, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా.

జలుబు, కొద్దిపాటి దగ్గు, పళ్లు రావడం, రెండు విరేచనాలు, బరువు తక్కువ, ఇవేవీ టీకా ఆపేవి కావు. "జలుబు తగ్గాక రండి" అని ఎవరైనా వెనక్కి పంపితే, డాక్టర్‌కు ఒకసారి చూపించి అదే రోజు వేయించుకోండి. "ఇంకో నలుగురు పిల్లలు వస్తేగానీ సీసా తెరవం" అన్నా అంతే, ఒక్క బిడ్డ వచ్చినా తెరవాలన్నదే నియమం.

బాబుకు ఆరేళ్లంటున్నారు. డీపీటీ రెండో బూస్టరు అయిదు, ఆరేళ్ల మధ్య వేస్తారు. ఏడేళ్లు నిండేదాకా వేయొచ్చు, ఆ తర్వాత ఆ రకం వేయరు, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) వేస్తారు. కాబట్టి వాడినీ ఈ వారమే లాక్కెళ్లండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, బడికి పోతున్నాడు కదా అని. కంఠసర్పి ఇప్పుడు ఎక్కువగా పట్టుకునేది బూస్టర్లు పడని బడిపిల్లలనే. గొంతులో బూడిదరంగు పొర కమ్మి, మెడ వాచి, ఆ విషం గుండెకు ఎక్కుతుంది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఇప్పటికీ ఆ కేసులు పోతున్నాయి. చిన్నప్పుడు వాడికి ఎంఆర్ రెండు డోసులూ పడ్డాయా లేదా కార్డు చూడండి. పడకపోతే అయిదేళ్లు దాటాడు కాబట్టి పిల్లల డాక్టర్‌ను అడిగి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వేయించుకోవాల్సి రావచ్చు.

మీ ఆడపడుచుకు ఎంఆర్ ఇప్పుడు వేయకూడదు, గర్భంతో ఉన్నప్పుడు ఆ టీకా వేయరు. పాపకు వేయించినందువల్ల ఆమెకు ఏమీ కాదు, ఒకే ఇంట్లో ఉండొచ్చు, ఎత్తుకోవచ్చు. అసలు పాపకు వేయించడమే ఆమెకు రక్షణ. తొలి మూడు నెలల్లో గర్భిణికి రుబెల్లా సోకితే పుట్టే బిడ్డకు చెవుడు, కంటిపొర, గుండెలో రంధ్రం రావచ్చు. తల్లికి మాత్రం సన్నటి జ్వరం, రెండు రోజుల దద్దు అంతే, తెలియను కూడా తెలియదు. ఆ సందులోని పిల్లల ఇళ్లకు ఆమెను పంపొద్దు. ఆ జబ్బు ఏమిటో తేలేదాకా ఆమె ఎవరికి దగ్గరగా మెలిగిందో చెకప్‌లో డాక్టర్‌కు చెప్పమనండి. టీడీ సూదులు రెండు ఉంటాయి, మొదటిది గర్భం నమోదైన వెంటనే, రెండోది నెల తర్వాత. బొడ్డు ధనుర్వాతంతో పసిబిడ్డలు పోవడం ఒకప్పుడు ఊరూరా ఉండేది. 2015లో దేశం దాన్ని అదుపులోకి తెచ్చినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది, అదంతా ఈ సూది, ఆసుపత్రి కాన్పుల పుణ్యమే. కాన్పు ఏ ఆసుపత్రిలో అయినా బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి సూది పడిందో లేదో మీరే అడగండి. తల్లి నుంచి పురిట్లో సోకిన బిడ్డల్లో దాదాపు తొంభై శాతం మందికి ఆ క్రిమి జీవితాంతం కాలేయంలో ఉండిపోతుంది. ప్రైవేటులో రాత్రి కాన్పు, ఆదివారం కాన్పు అయితే ఈ డోసు తప్పిపోవడం నేను చాలాసార్లు చూశాను.

కార్డు తమిళంలో ఉందని సంకోచించొద్దు. టీకాల పేర్లు, తేదీలు ఏ రాష్ట్రంలోనైనా ఒకే పద్ధతి, ఏఎన్‌ఎంకు అర్థమవుతుంది. ప్రభుత్వ టీకాల పోర్టల్ యూ-విన్‌లో నమోదై ఉంటే మీ ఫోన్ నంబరుతో ఇక్కడా తెరుచుకుంటుంది. కార్డు పుట్టింట్లో ఉండిపోతే మీ అమ్మగారిని రెండు వైపులా ఫొటో తీసి వాట్సాప్ చేయమనండి, చాలు. అదీ దొరక్కపోతే బీసీజీ మచ్చ ఎడమ భుజం మీద ఉందేమో చూస్తారు, మిగతావి పడలేదనుకుని మొదలుపెడతారు. ఒకటి రెండు డోసులు ఎక్కువైనా నష్టం లేదు. పాప పేరు మీ వార్డు ఏఎన్‌ఎం లిస్టులో ఎక్కించమని అడిగి, ఆమె ఫోన్ నంబరు తీసుకోండి. బుధవారం పొద్దున పది గంటల లోపు పోతే రద్దీ తక్కువ. పాపకు ముందే పాలిచ్చి, తొడలు, భుజాలు సులువుగా బయటికి తీయగలిగే వదులు బట్టలు వేయండి. సూది పడగానే రొమ్ము పట్టించండి.